జ్యోతిర్మయంలో ‘ర్’ ఎక్కడిది?

సందేహం: ధ్యానశ్లోకాల పుస్తకం అచ్చు వేస్తున్నాం. ‘తేజోమయం’లో లేని రేఫ (‘ర్’) ‘జ్యోతిర్మయం’లో ఎందుకు? ‘జ్యోతిమయం’ అనకూడదా? ‘పరంజ్యోతి’, ‘పరమజ్యోతి’లలో ఏది సాధువు?

సమాధానం: ‘జ్యోతిర్మయం’ అనే వేయండి. తెలుగులో ‘జ్యోతి’ అని ఇకారాంతంగా పలకడం అలవాటైంది కాబట్టి ఆ ‘ర్’ కొత్తగా చేరినట్టు తోస్తుంది. సంస్కృతంలో అది సకారాంతం: జ్యోతిస్. ‘జ్యోతిస్సు’ అన్నప్పుడు ఆ సకారం మనకూ వినిపిస్తుంది. అది విసర్గగా మారాక ఏమవుతుందన్నది దాని ముందున్న అచ్చును బట్టి ఉంటుంది. అకారం ఉండి తర్వాత సరళమో (గ, జ, డ, ద, బ) అనునాసికమో (న, మ వంటివి) వస్తే ‘ఓ’ అవుతుంది; తేజస్ + మయం తేజోమయం అయింది ఇలాగే. ఇకారమో ఉకారమో ఉంటే రేఫ వస్తుంది. బృహదారణ్యకోపనిషత్తు (1.3.28) వాక్యం ఒక్కటి చాలు, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి: ‘తమసో మా జ్యోతిర్గమయ’. తమసః + మా = తమసో మా; జ్యోతిః + గమయ = జ్యోతిర్గమయ. గాయత్రిలోని ‘భర్గో దేవస్య’ మొదటి రకం, జ్యోతిర్లింగం రెండోది.

మరి గీతలో (5.24) ‘అంతర్జ్యోతిః’ ఉంది, ‘అంతోజ్యోతిః’ కాలేదేమని అడగవచ్చు. అంతర్, పునర్, ప్రాతర్ పుట్టుకతోనే రేఫాంతాలు. వాటికి ‘ఓ’ రాదు.

పరుషాల (క, చ, ట, త, ప) ముందు ఈ ‘ఓ’, రేఫలు రావు. ‘తేజోపుంజం’ అని తరచూ అచ్చవుతుంటుంది, అది తప్పు, తేజఃపుంజం అనాలి. మీ ప్రూఫుల్లో ఈ మాటను ప్రత్యేకంగా వెతకండి.

పరంజ్యోతి, పరమజ్యోతి రెండూ సాధువులే. ‘పరం’ అన్నది ‘పరమ’కు కుదింపు కాదు. ‘పరం జ్యోతిః’ అని మొదట విడివిడి పదాలు, రెండూ నపుంసక ప్రథమైకవచనాలే. ఛాందోగ్యోపనిషత్తులో ‘పరం జ్యోతిరుపసంపద్య’ అని ఉంది. లలితా సహస్రంలో ‘పరంజ్యోతిః పరంధామ’ జంటనామాలుగా వస్తాయి. మన ‘పరంధాముడు’ కూడా ఈ తీరున ఏర్పడినవాడే. ‘పరమజ్యోతి’ మామూలు కర్మధారయం, అంటే విశేషణం, నామం కలిసిన సమాసం. పుస్తకం పొడవునా ఒకే రూపం వాడితే చదివేవారికి హాయి, కానీ స్తోత్రాల్లోని ‘పరంజ్యోతిః’ను మాత్రం దిద్దవద్దు, ఛందస్సు చెడుతుంది.

ఆవిష్కరణ ఆహ్వానపత్రికలో ‘జ్యోతిర్ప్రజ్వలన’ అని వేయకండి. పకారం పరుషం, రేఫ రాదు. సమాసం చేస్తే జ్యోతిష్ప్రజ్వలనం. తెలుగు వాడుకలో ‘జ్యోతి ప్రజ్వలన’ అని విడగొట్టి రాసినా నాకు అభ్యంతరం లేదు.