బాఖ్ కాంటాటా ఆరాధనలో ఎక్కడ వచ్చేది?

జర్మన్ స్వరకర్త బాఖ్ కాంటాటాలను (వాద్యాలతో కలిపి పాడే, పలు భాగాలున్న భక్తి గేయాలను) కచేరీల్లోనే వింటున్నాం, అసలు చర్చి ఆరాధనలో వాటి చోటెక్కడ అని అడిగారు. ప్రసంగానికి ముందు. 1723లో బాఖ్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీత బాధ్యత తీసుకున్నాడు. అక్కడ ఆదివారం ఆరాధన ఉదయం 7 గంటలకే మొదలై దాదాపు మూడు, నాలుగు గంటలు సాగేది. సువార్త చదివాక కాంటాటా, తర్వాత ప్రసంగం. కాంటాటాకు రెండు భాగాలుంటే రెండోది ప్రసంగం అయ్యాక. అంటే ఆనాటి వాక్యానికి పాటలో చెప్పిన వ్యాఖ్యానమన్నమాట.

1731 నవంబరు 25 నాటి కాంటాటానే (బాఖ్ రచనల జాబితాలో 140వ సంఖ్య) తీసుకోండి. ఆ రోజు పాఠం మత్తయి 25లోని పదిమంది కన్యకల ఉపమానం, మన సండేస్కూలు పిల్లలకూ తెలిసిన కథే. మొదట్లో వయొలిన్లూ, ఓబోలనే సన్నాయిలాంటి వాద్యాలూ ఒకదానికొకటి బదులిస్తూ నడుస్తుంటాయి. పైస్థాయి గొంతులు (ఆ రోజుల్లో మగపిల్లలవే) సంఘమంతటికీ తెలిసిన పాత కీర్తన వరసను ఒక్కో స్వరం సాగదీస్తూ పాడతాయి. కింది మూడు గొంతులు మాత్రం ‘లేవండి, లేవండి’ అని తొందరపెడతాయి. అర్ధరాత్రి కావలివాళ్లు ఊరిని లేపుతున్నట్టే ఉంటుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరించేది అక్కడే. చివర్లో అదే కీర్తన అలంకారాలేవీ లేకుండా, నిండుగా, అన్ని గొంతులూ కలిసి.