మూడేళ్లుగా కాలి ఎముకలోంచి చీము.. మందులతో తగ్గదా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 41, షుగర్ ఉంది. మూడేళ్ల కింద బండి మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగి బయటికొస్తే ప్లేటు వేశారు. ఆరు నెలలకు అక్కడే చిన్న రంధ్రం పడి చీము మొదలైంది. మందులు వాడితే ఆరుతుంది, ఆపితే మళ్లీ కారుతుంది. ఇప్పుడు ఆపరేషన్ అంటున్నారు. ఊళ్లో వాళ్లేమో కాలు తీసేస్తారని, ఫ్లోరైడ్ నీళ్ల వల్లే ఎముక పుచ్చిందని అంటున్నారు. మందులతో తగ్గదా?

డాక్టర్ సలహా: మందులతోనే తగ్గడం కష్టం. కాలు తీసేస్తారన్న భయం కూడా ఇప్పుడే వద్దు, ఇలాంటి కాళ్లను చాలావరకు నిలబెట్టుకోవచ్చు. ఇక ఫ్లోరైడ్ అంటారా, మన నల్గొండలో ఏ నొప్పి వచ్చినా నింద దాని మీదికే పోతుంది. అది ఎముకల్ని, కీళ్లని పాడుచేసే మాట నిజమే గానీ చీము పట్టించదు. మీకు చీము పట్టించింది, ఎముక బయటికొచ్చిన రోజు లోపలికి పోయిన సూక్ష్మజీవులు.

మాత్ర మింగినా సూది వేయించుకున్నా మందు రక్తంతోనే వెళ్తుంది. చచ్చిపోయిన ఎముక ముక్కకి రక్తం పోదు, కాల్వ చివరి మడికి నీళ్లు అందనట్టే. పైగా ఆ ముక్క మీద, ప్లేటు మీద సూక్ష్మజీవులు జిగురు పొరలా పేరుకుని దాక్కుంటాయి. మందు వాడినన్నాళ్లు చుట్టూ ఉన్న కండలో చీము తగ్గి రంధ్రం మూసుకుంటుంది, మీకేమో నయమైందనిపిస్తుంది.

అందుకే ఆపరేషన్‌లో అసలు పని ఆ చచ్చిన ఎముకను తీయడం. తెరిచి చూస్తే అది సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది, చెక్కినా రక్తం చుక్క రాదు. చెక్కుతూ పోయి, ఎముక మీద సన్నసన్నగా ఎర్రటి రక్తపు చుక్కలు కనపడ్డాకే ఆగుతాం, అంటే బతికున్న ఎముక తగిలిందన్నమాట. మొహమాటపడి కొంచెం వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎముక అతికి ఉంటే ప్లేటు తీసేస్తారు, అతకకపోతే బయట నుంచి కమ్మీలతో నిలబెడతారు.

ఖాళీ అయిన చోటును అలాగే వదిలితే మళ్లీ చీము చేరుతుంది కాబట్టి యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పూసలు పెడతారు, లేదా పిక్క కండను తిప్పి కప్పుతారు. ఎముక చాలా పోతే ఇలిజరోవ్ రింగులు ఉన్నాయి. సైబీరియాలోని కుర్గాన్‌లో 1950ల్లో ఆ పేరున్న డాక్టర్ తెచ్చిన పద్ధతి ఇది: మంచి ఎముకను ఒకచోట కోసి రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున జరుపుతారు, వెనక కొత్త ఎముక పెరుగుతుంది. 5 సెంటీమీటర్లు పూడాలంటే జరపడానికే దాదాపు 50 రోజులు, అది గట్టిపడటానికి ఇంకొన్ని నెలలు, అన్నాళ్లూ ఆ రింగులతోనే నడవాలి, ఇబ్బందే. కానీ అందరికీ ఇది అవసరం పడదు.

ఒక్క విషయం పట్టుబట్టి అడగండి. రంధ్రం దగ్గర దూదితో తీసిన చీము పరీక్ష మీద ఆధారపడొద్దు, పైన చర్మం మీద ఉన్నవి కూడా అందులో కలుస్తాయి. ఆపరేషన్‌లో లోపలి ఎముక ముక్కలు నాలుగైదు చోట్ల నుంచి తీసి కల్చర్‌కి (సూక్ష్మజీవుల్ని ల్యాబులో పెంచి అవేంటో చూసే పరీక్ష) పంపాలి, టీబీ పరీక్షకు కూడా. దానికి ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపమంటారు, అప్పుడే సరైన మందు తెలుస్తుంది. ఈ ఆపడం మాత్రం మీ అంతట మీరు చేయకండి. జ్వరం, వాపు, ఎరుపు పెరిగితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఆపరేషన్ తర్వాత మామూలుగా ఆరు వారాల పాటు మందులుంటాయి.

షుగర్ అదుపులో లేకపోతే, బీడీ మానకపోతే (మీకుందో లేదో రాయలేదు) ఎంత బాగా చేసినా గాయం మానదు. రంధ్రం దగ్గర కండ పుట్టగొడుగులా పెరిగినా, రక్తం కారినా, వాసన మారినా చిన్న ముక్క తీసి పరీక్షించమనండి, ఏళ్ల తరబడి ఉన్న రంధ్రం అరుదుగా క్యాన్సర్‌గా మారుతుంది.

ఖర్చు సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి, ఆరోగ్యశ్రీ పరిమితి ఇప్పుడు 10 లక్షలు. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ, ప్లేటు వేసినప్పటి కాగితాలు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు సంచిలో వేసుకుని వెళ్లండి.