గ్రౌండు కాలు మళ్లీ చూడు

హనుమకొండ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "మామయ్యా, మా పిల్ల హాస్టల్‌లో పాత కంప్యూటర్ ఐసీతో పాటల పెట్టె చేస్తదట, సద్దుల బతుకమ్మ నాడు అమ్మమ్మకు వినిపిస్తదట" అని చెప్పి, నువ్వు కొన్న ఐసీ ఫొటో కూడా పంపింది. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే దాని మీద ఎస్ఎన్76489 అని ఉంది, స్వరాలు పలికించే ఐసీ. ఇక నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకరు ఆ ఐసీ పట్టుకున్నారని గర్వం ఒకవైపు, నేను చేసిన తప్పు నువ్వూ చేస్తావేమోనని టెన్షన్ ఒకవైపు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

తేలికైనవి ముందు చెప్తా. ఆన్‌లైన్‌లో కొన్నవాటిలో పాత పేరు చెరిపేసి కొత్త పేరు కొట్టినవి వస్తుంటాయి, అసిటోన్ అద్దిన దూదితో తుడిచి చూడు. బోర్డు మీద ఐసీ బేస్ వేసి, ఐసీని అందులో పెట్టు, నేరుగా సోల్డర్ చెయ్యకు. గాటు ఉన్న వైపు తప్పితే 16వ కాలికి రావలసిన 5 వోల్టులు 8వ కాలికి, అంటే గ్రౌండుకు పోతాయి. ఆ రెండు కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. ఈ ఐసీ తయారుచేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల కాగితంలో డీ0 అంటే అన్నిటికన్నా పెద్ద బిట్, మనకు అలవాటైనదానికి తలకిందులు. ఇక్కడ తప్పితే పాట పలకదు, పిచ్చి చప్పుడు వస్తుంది. దాన్ని నడిపే క్లాకు 4 మెగాహెర్ట్జ్ ఇస్తే ఒక్కో బైటు తీసుకోవడానికి దానికి 8 మైక్రోసెకన్లు పడుతుంది, నువ్వు 10 ఇవ్వు. కరెంటు ఇవ్వగానే దానంతట అదే మోగుతుంది, భయపడకు. ముందుగా 9ఎఫ్, బీఎఫ్, డీఎఫ్, ఎఫ్ఎఫ్ అనే నాలుగు బైట్లు పంపితే మూడు స్వరాలూ, నాలుగోదైన నాయిస్ కూడా నోరు మూస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1984లో బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పాలని కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు పంచింది. ఆ కంప్యూటర్‌లో పాడేది ఈ ఐసీయే. కొన్నేళ్లకు ఒక సారు అలాంటి చెడిపోయిన బోర్డు నా రేడియో షాపుకు తెచ్చాడు. బాగయ్యేది కాదని చెప్తే, "పనికొచ్చేవి తీసుకోవయ్యా" అని వదిలేసి పోయాడు. ఆ బోర్డులో బతికి ఉన్నది ఇదొక్కటే. అప్పుడు వరంగల్‌లో ఎన్ని షాపులు తిరిగినా రెండోది దొరికేది కాదు.

మీ అమ్మమ్మ, అంటే మా అక్క, పెళ్లయి కరీంనగర్ పోయిన కొత్త. ప్రతి ఏడూ పండుగకు వచ్చేది. ఆ ఏడు పెట్టెలో ఉయ్యాల పాట మోగిస్తానని మాట ఇచ్చా. పాట బైట్లన్నీ కాగితం మీద లెక్క వేసుకున్నా. 440 హెర్ట్జ్ స్వరానికి 284 అని, అలా ఒక్కొక్కటే. ఇంజనీరింగ్ చదివే స్నేహితుడితో వాటిని ఈప్రోమ్‌లో, అంటే బైట్లు దాచుకునే ఐసీలో రాయించి, వరుసగా ఒక్కొక్కటి పంపేలా కౌంటర్ ఐసీతో నడిపించా. బతుకమ్మ ఆడే పద్మాక్షి గుట్ట దగ్గర అప్పుడు కరెంటు ఉండేది కాదు, అందుకని 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని 5 వోల్టులకు తగ్గించే 7805 అనే ఐసీ పెట్టా. షాపులో మీటరు పెడితే సరిగ్గా 5 వోల్టులు. పాట చక్కగా పలికింది. రెండుసార్లు విని, మూడోసారి వినకుండా మూత బిగించా.

సైకిల్ క్యారియర్‌కు పెట్టె కట్టుకుని గుట్ట దగ్గరికి పోయా. దారంతా కంకర. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు, అక్క నన్ను చూసి చప్పట్లు ఆపి వచ్చింది. స్విచ్ వేశా. మొదటి వరుస సగం వరకు పలికింది. అక్క ముఖం ఎట్ల వెలిగిందో నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అంతలో పాట ఒక్కసారిగా కీచుమని ఆగిపోయింది. మూతలోంచి కాలిన వాసన. ఐసీ మీద వేలు పెడితే చర్మం అంటుకుంది.

రాత్రి షాపులో విప్పి చూస్తే 7805 నడిమి కాలు, అదే గ్రౌండు కాలు, దగ్గర సోల్డరు చుట్టూ వెంట్రుక మందం గీత కనిపించింది. డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతుక్కోని సోల్డరు. సైకిల్ కుదుపులకు ఊడింది. గ్రౌండు పోతే 7805 ఆగిపోదు బిడ్డా, లోపలికి వచ్చినదాన్ని దాదాపు అంతా బయటికి వదిలేస్తుంది. పాట పాడే ఐసీ 7 వోల్టులకు మించి ఓర్చుకోదు, దానికి 10 పైన తగిలాయి. ఈప్రోమ్ కూడా పోయింది.

సోల్డర్ తప్పు పోవడం ఎవరికైనా జరుగుతుంది. గుట్ట దగ్గర స్విచ్ వేసే ముందు ఐసీ తీసి, మీటరు ఒక్కసారి పెట్టి ఉంటే సరిపోయేది. అక్క ఎదురుచూస్తోందన్న తొందరలో పెట్టలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా జనాల టీవీలు బాగు చేశా, ఎవరి సెట్టుకూ మీటరు పెట్టకుండా స్విచ్ వేయలేదు.

నువ్వు యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకుంటావని అమ్మ చెప్పింది. మంచిదే, పవర్ బ్యాంకే పట్టుకురా. కరెంటు మరీ తక్కువ లాగితే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి, ముందే గంటసేపు నడిపి చూసుకో. ఎవరైనా బ్యాటరీ, 7805 అంటే వినకు. తప్పదనుకుంటే వోల్టులు పెరగకుండా ఆపే 5.6 వోల్టుల జీనర్ డయోడ్ అడ్డంగా పెట్టి, ముందు ఫ్యూజు వెయ్యి. ఐసీలు రెండు కొను, డబ్బులు నేను పంపుతా.

ఇంకొకటి. అక్కకు ఎడమ చెవి దాదాపు వినపడదు, కుడి చెవికి సన్నటి శబ్దాలు అందవు. ఈ ఐసీవి చదరపు తరంగాలు, చిన్న స్పీకర్‌లో పెడితే ముళ్లలా గుచ్చుతాయి. పాటను 200 నుంచి 450 హెర్ట్జ్ మధ్య ఉంచు, పాత రేడియోది ఆరు అంగుళాల స్పీకర్ నా దగ్గర ఉంది, అది వాడుదాం. మిగిలిన నాయిస్ చానల్‌లో చప్పట్లు వెయ్యి. చప్పట్లు లేకుండా బతుకమ్మ పాట ఏం పాట?

హాస్టల్ గదిలో కిటికీ మూసుకుని సోల్డరింగ్ చెయ్యకు, ఆ పొగ పీల్చి పీల్చి నాకు ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి అన్నం మానేసి కూర్చుంటావని కూడా విన్నా. అది నాకు నచ్చలేదు. తిని చెయ్యి.

నా మీటరు పార్సిల్‌లో పంపుతున్నా. ఎర్ర వైరు కొస దగ్గర టేపు చుట్టి ఉంటుంది, విప్పకు. సోల్డరింగ్ అయ్యాక ప్రతి కాలినీ దగ్గరగా ఫొటో తీసి పంపు, గ్రౌండువి ముందు. రాత్రి పన్నెండైనా పంపు, మెలకువగానే ఉంటా.

మీ తాత