హెచ్-4 మీద వస్తున్న ఇంజినీరమ్మాయికి

పెళ్లయి రెండు నెలలైన ఒక సివిల్ ఇంజినీరమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "అక్కా, అమెరికాలో హెచ్-1 (ఉద్యోగ వీసా) మీద ఉన్న మా ఆయన దగ్గరికి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద వస్తున్నాను. ఒకట్రెండేళ్లు ఇంట్లో ఉంటే ఏం కాదు, తర్వాత చూసుకోవచ్చు అంటున్నారు. నిజమేనా?"

నేనూ అలాగే అనుకున్నానమ్మా. 2008లో హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ డిజైన్ ఉద్యోగం మానేసి డాలస్ వచ్చాను. ఏడాది అనుకున్నది ఏడేళ్లయింది. 2015 మే 26న హెచ్-4 వాళ్లకు వర్క్ పర్మిట్ (ఈఏడీ) ఇచ్చే రూల్ అమల్లోకి వచ్చేసరికి మా అబ్బాయి బడికి వెళ్తున్నాడు. మొదటి ఇంటర్వ్యూలో "ఈ ఏడేళ్లూ ఏం చేశారు?" అని అడిగితే నా నోట మాట రాలేదు. చదివిన లెక్కలు ఎక్కడికీ పోలేదు. పోయింది నా మీద నాకున్న నమ్మకం. అది తెచ్చుకోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

అందుకే విమానం ఎక్కకముందే మీ ఆయన్ని అడుగు: ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిందా? కనీసం దానికి ముందు మెట్టయిన పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) మొదలైందా? ఐ-140 అప్రూవ్ అయితేనో, ఆయన హెచ్-1ని ఆరేళ్లు దాటి పొడిగిస్తేనో తప్ప నీకు ఈఏడీ రాదు. అసలు ఇవి సంబంధం కుదిరేటప్పుడే అడగాలి. జీతం, ఊరు అడుగుతాం కదా, ఇదీ అడగాలి. ఎల్-1 (కంపెనీ తన ఉద్యోగిని అమెరికా ఆఫీసుకు పంపే వీసా) మీద వచ్చినవాళ్ల భార్యలకు ఈ బాధ లేదు. ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే వేరే కార్డు లేకుండానే ఉద్యోగంలో చేరవచ్చు. నీకు ఇంతకుముందే సొంత హెచ్-1 ఉండి అందులో గడువు మిగిలి ఉంటే, మళ్లీ లాటరీ (హెచ్-1కి ఎంపిక చేసే డ్రా) అక్కర్లేకపోవచ్చు. లాయర్‌ని ఈ మాట ప్రత్యేకంగా అడుగు.

పర్మిట్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోకు. హెచ్-4 మీద చదువుకోవచ్చు, పరీక్షలు రాయవచ్చు. సివిల్ వాళ్లకు ఎఫ్‌ఈ (ఇంజినీర్ లైసెన్సుకు మొదటి మెట్టు) పరీక్ష ఉంది, 110 ప్రశ్నలు. అది పాసయితే ఇక్కడి కంపెనీలకు నువ్వేమిటో రెజ్యూమె మొదటి పేజీలోనే తెలుస్తుంది. నేను దాన్ని 2016 దాకా వాయిదా వేశాను, నాకిప్పటికీ బాధగా ఉంటుంది. ఒక జాగ్రత్త: అనుభవం కోసమని కంపెనీలో జీతం లేకుండా పనిచేయకు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనైతే, ఊరికే చేసినా వీసా స్టేటస్‌కు ఇబ్బందే.

ఈఏడీ వచ్చాక రెన్యూవల్ టెన్షన్ ఉంటుంది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యూవల్ అప్లికేషన్లకు, ఇంతకుముందులా గడువు దానంతటదే పెరగదు. పాత కార్డు గడువు తీరేలోగా కొత్తది రాకపోతే ఉద్యోగం ఆపేయాల్సిందే. గడువు తీరడానికి 180 రోజుల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు కాబట్టి ఆ మొదటి రోజే పంపించు.

ఇక పిల్లలు. మన దేశంలోలా 26 వారాల జీతంతో సెలవు ఇక్కడ చట్టంలో లేదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే కుటుంబ, వైద్య సెలవుల చట్టం కింద 12 వారాలు, అదీ జీతం లేకుండా. కనీసం 50 మంది ఉన్న కంపెనీలో ఏడాది పనిచేసి, ఆ ఏడాదిలో 1,250 గంటలు నిండి ఉండాలి. నాకు తెలిసిన ఇంజినీరమ్మాయిలు ఎక్కువమంది ఉద్యోగం వదిలింది ఇక్కడే. "నా జీతమంతా డేకేర్‌కే పోతోంది" అంటారు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఆ ఖర్చును ఒక్క తల్లి జీతంలోంచే ఎందుకు తీసేస్తాం? ఇద్దరి జీతాలూ కలిపి లెక్క వేయండి. ఆ మూడు నాలుగేళ్లు చేతిలో ఏమీ మిగలకపోయినా సరే, ఉద్యోగంలో ఉండు. డేకేర్ నుంచి తీసుకొచ్చే పనిలో వారంలో సగం రోజులు మీ ఆయనవి. ఇది మొదటి వారంలోనే మాట్లాడుకోండి.

గ్యాప్ ఇప్పటికే వచ్చేసినవాళ్లు రిటర్న్‌షిప్ అనే మాటతో వెతకండి. మధ్యలో ఆగిపోయిన ఇంజినీర్లను కొన్ని నెలల జీతంతో తీసుకుని, నచ్చితే పర్మనెంట్ చేసే ఉద్యోగాలవి. సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజినీర్స్‌లో సభ్యత్వం తీసుకుంటే ఇలాంటివి తెలుస్తాయి.

సర్దుకునేటప్పుడు ఊరగాయల కన్నా ముందు యూనివర్సిటీకి వెళ్లి ట్రాన్స్‌క్రిప్టులు సీల్డ్ కవర్లలో మూడు నాలుగు సెట్లు తెచ్చుకో. పాత కంపెనీ నుంచి ఏ ప్రాజెక్టులు చేశావో వివరంగా రాసిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా తీసుకో. ఆ మేనేజర్ అక్కడ ఉండగానే అడుగు. నేను అడిగేసరికి మా కంపెనీయే మూతపడింది.