పేషెంట్ నంబరు ఒక్కటే చాలదు

ప్రశ్న: మా ఆసుపత్రిలో ల్యాబ్ మెసేజీలను యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి ప్రతి పేషెంటుకూ ఇచ్చే ప్రత్యేక నంబరు) చూసి రికార్డుకు కలుపుతున్నాం. ఒకే పేషెంటుకు రెండు సీబీపీలు (పూర్తి రక్త పరీక్షలు) చేస్తే, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, యూహెచ్‌ఐడీ మనిషిని చెబుతుంది, పరీక్షను కాదు. హెచ్‌ఎల్7 వెర్షన్ 2 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు సమాచారం పంపుకునే ప్రమాణం) మెసేజీలో పేషెంట్ నంబరుండే పీఐడీ-3తో పాటు ఓబీఆర్-3లోని ఫిల్లర్ ఆర్డర్ నంబరునూ (ఆ పరీక్షకు ల్యాబ్ ఇచ్చే నంబరు) కీలో, అంటే రికార్డును గుర్తుపట్టే నంబర్ల జతలో, చేర్చండి. రెండు ల్యాబులు ఒకే నంబరు ఇవ్వొచ్చు గనుక ఏ ల్యాబ్‌దో కూడా ఉండాలి. హిమోగ్లోబిన్‌నీ ప్లేట్‌లెట్లనీ ఓబీఎక్స్-3లోని పరీక్ష కోడు విడదీస్తుంది.

ఎంఎస్‌హెచ్-10ని రికార్డు కీగా వాడొద్దు, అది మెసేజీ గుర్తు మాత్రమే. సవరించిన రిజల్టు కొత్త గుర్తుతో వస్తుంది. రిజల్టు స్థితి చెప్పే ఓబీఎక్స్-11లో ‘సి’ (సవరణ) ఉంటే పాత విలువ స్థానంలో కొత్తది పెట్టండి.

ఏ40 అనే విలీనం మెసేజీతో రెండు యూహెచ్‌ఐడీలు విలీనమైనా పాతదాన్ని తుడిచేయకండి. ఆలస్యంగా వచ్చే రిపోర్టు ఆ నంబరుతోనే రావచ్చు. పేరూ పుట్టినతేదీ మాత్రమే చూసి కలిపే పద్ధతి దయచేసి పెట్టకండి, వేరొకరి రక్తం రిపోర్టు చూసి డాక్టరు మందు రాసే ప్రమాదం ఉంది.