దీపమా, కుర్చీనా, చెంచానా?

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. తీరిగ్గా జవాబు రాయాలని ఇవాళ కూర్చున్నాను. మీ కొత్త స్టూడియోలో లైట్లు, ఫర్నిచర్, వంటింటి సామాను మూడూ చేస్తారనీ, వాటిలో ఒకటి పట్టుకుని దాంట్లోనే పట్టు సంపాదించాలా, అన్నిట్లో వేలు పెట్టాలా అనీ అడిగావు. మొదటి ఐదారేళ్లు అన్నీ చెయ్యి. వస్తువు మారినా నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న మారదు: దీనితో జరగాల్సిన అసలు పని ఏమిటి? అది తేలకుండా కంప్యూటర్ తెరిచి బొమ్మ గీయకు. తేలాక కొలత, బరువు, మెటీరియల్ చాలావరకు దాన్నిబట్టే వస్తాయి.

ఇది నేను నేర్చుకున్నది ఇటలీలోని మిలాన్‌కు చెందిన డిజైనర్ అకిల్లె కాస్తిల్యోని (1918–2002) చేసిన వస్తువులు చూసి. చదివింది ఆర్కిటెక్చర్. అన్న పియేర్ జాకొమోతో కలిసి, 1968లో ఆ అన్న పోయాక తనే, దీపాలు, స్టూళ్లు, బల్లలు, చెంచాలు, స్విచ్‌లు అన్నీ చేశారు. ప్రతి డిజైన్‌లోనూ ఒక ప్రధానమైన అంశం ఉంటుందని, మిగతావన్నీ దాని వెనకే రావాలని చెప్పేవారు.

ఆర్కో దీపం నువ్వు ఫోటోల్లో చూసే ఉంటావు. 1962లో అన్నదమ్ములిద్దరూ దీపాలు తయారుచేసే ఫ్లోస్ కంపెనీ కోసం చేశారు. పాలరాయి దిమ్మ, దాంట్లోంచి వంగి వచ్చే స్టీలు కమ్మీ, చివర లోహపు డోము. హోటల్ లాబీల్లో దాని నకళ్లు చూసి చాలామంది అది అందం కోసం గీసిన గీత అనుకుంటారు. వాళ్లు మొదలుపెట్టిన చోటు వేరు. భోజనాల బల్ల మీద పైనుంచి వెలుగు పడాలి, దానికోసం సీలింగ్‌కు చిల్లు పెట్టకూడదు. బల్లను ఇవాళ ఇక్కడా రేపు అక్కడా వేసుకుంటే దీపం కూడా దానితో రావాలి. వీధి దీపం ఆ పని చేస్తోంది కదా, స్తంభం ఒక పక్కన, వెలుగు ఇంకోపక్కన. ఇక అక్కడి నుంచి లెక్క చూడు. కూర్చున్నవాళ్ల వెనక నుంచి వడ్డించేవాళ్లు గిన్నె పట్టుకుని నడవాలంటే దిమ్మకూ డోముకూ మధ్య రెండు మీటర్ల దాకా ఎడం కావాలి. అంత ఎడం ఉంటే కమ్మీ పక్కకు పడకుండా దిమ్మకు బాగా బరువు కావాలి. కాంక్రీటు అనుకుని చివరికి పాలరాయి తీసుకున్నారు, అదే బరువు తక్కువ చోటులో ఇమిడిపోతుంది కాబట్టి. సుమారు 65 కిలోలు. అంత బరువు ఇంట్లో ఎలా జరుపుతారు? అందుకే దిమ్మలో గుండ్రటి చిల్లు పెట్టారు: అందులోంచి చీపురు కర్ర దూర్చి ఇద్దరు చెరోపక్క పట్టుకుని ఎత్తుతారు. దిమ్మ మూలలు చెక్కింది నడిచేవాళ్లకు తగలకుండా.

ఆ దీపంలో ఏ ఒక్కదాన్ని అడిగినా తనెందుకు ఉందో చెబుతుంది. నీ డ్రాయింగ్ మీద కూడా అలా వేలు పెట్టి అడుగు. "బాగుంటుందని" అనే జవాబు ఒకచోట వస్తే ఫర్వాలేదు. నాలుగు చోట్ల వచ్చిందంటే అసలు పని నీకింకా దొరకలేదు.

కూర్చునే వస్తువుల్లో కూడా ఆయన దారి ఇదే. 1957లో సైకిల్ సీటును ఒంటికాలి మీద పెట్టి, కింద గుండ్రటి అడుగు వేసి ఒక స్టూలు చేశారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అటూ ఇటూ కదలాలనిపిస్తుంది, కూర్చోవాలనీ అనిపిస్తుంది, కానీ పూర్తిగా కాదు. ఆ సగం కూర్చోవడం కోసమే అది. నీకు ఎవరైనా కుర్చీ అడిగితే ఎంతసేపు కూర్చుంటారు, కూర్చుని ఏం చేస్తారు, ఎలా లేస్తారు అని ముందు అడుగు. మోకాళ్ల నొప్పులున్న మనిషి లేవడానికి చేతుల మీద బరువు వేస్తుంది. ఆ బరువు ఆపే చోటు కుర్చీలో ఎక్కడుందో చూడు.

రోజువారీ వస్తువులంటే మీవాళ్లకు కాస్త చిన్నచూపు అని రాశావు. అది మనసులోంచి తీసెయ్యి. కాస్తిల్యోని సోదరులు 1962లోనే క్రాఫ్ట్ కంపెనీకి మయొనైజ్ సీసా కోసం ఒక ప్లాస్టిక్ చెంచా చేశారు. సీసా గోడకూ అడుగుకూ అంటుకున్నది కూడా గీరుకుని వచ్చేలా దాని అంచు తీర్చారు. ఆవకాయ సీసా అడుగున మిగిలిన ఊట కోసం మామూలు చెంచాతో అవస్థపడే ఇంట్లో పుట్టినదానివి, దాని విలువ నీకు వేరే చెప్పాలా? 1968లో దీపం వైరు మధ్యలో వచ్చే చిన్న స్విచ్ ఒకటి చేశారు. కొన్నవాళ్లకు చేసినవాళ్ల పేరు తెలియదు, కరెంటు సామాన్ల షాపులో మామూలుగా అడిగి తీసుకునేవారు. అకిల్లె గారు ఎక్కువ గర్వపడిన వస్తువుల్లో అదొకటి. చీకట్లో వైరు పట్టుకుని వేళ్లు జార్చుకుంటూ వస్తే చేతికి హాయిగా తగలాలి, నొక్కితే చిన్న చప్పుడు వినిపించాలి. అంతే దాని పని.

మన చెంబు గురించి కాలేజీలో చెప్పే ఉంటారు. 1958లో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెంబును ముందు పెట్టుకుని ఎంత నీళ్లు పట్టాలి, తల మీద మోస్తారా చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు తూకం ఎలా ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎలా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వచ్చింది ఆ నివేదిక వల్లే. ఆ ప్రశ్నలు ఒకసారి చదువుకుని, మీ స్టూడియోలో చేసే నీళ్ల జగ్గుకు వేసి చూడు.

ఇక మన ఇళ్లకు సంబంధించి, విదేశీ డిజైన్ పుస్తకాల్లో నీకు దొరకనివి కొన్ని. లైటు నమూనా రాగానే నిలబడి చూడ్డంతో సరిపెట్టుకోకు. కింద చాప మీద కూర్చుని చూడు, మంచం మీద పడుకుని చూడు. మన ఇంట్లో పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దవాళ్లు గంటల తరబడి పైకే చూస్తారు, బల్బు నేరుగా వాళ్ల కళ్లలో పడుతుంది. పైకి తెరుచుకున్న గిన్నె లాంటి షేడ్ గీసేముందు వానాకాలం గుర్తుతెచ్చుకో. ఒక్క సాయంత్రం ఉసిళ్లు వస్తే రెక్కలతో నిండిపోతుంది, దాన్ని ఎవరో స్టూలెక్కి కడగాలి. ఒక చేత్తో విప్పగలిగేలా ఉందా? ఎల్‌ఈడీ లైట్లలో చాలాసార్లు ముందు పోయేది దీపం కాదు, దానికి తగిన కరెంటు అందించే డ్రైవర్. దాన్ని లోపల అతికించేస్తే ఒక్క చిన్న భాగం కోసం మొత్తం లైటు పారెయ్యాలి. స్క్రూ తీస్తే అందేచోట పెట్టు. మామూలు బల్బు వాడే చోట మన వీధి చివర షాపులో దొరికే పిన్ హోల్డర్ బల్బు పట్టేలా చూడు.

ఫర్నిచర్ కాళ్ల దగ్గర తడిగుడ్డ మరిచిపోకు. రోజూ నేల తుడిచే ఇళ్లు మనవి. చెక్కపొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు అంచు నేలకు ఆనిందంటే ఏడాది తిరక్కుండా ఉబ్బుతుంది. కాస్త ఎత్తులో ఆపి, కింద రబ్బరు బుష్షో స్టీలు తొడుగో వెయ్యి. టేకు బల్ల పైపలక విశాఖ ఉక్కపోతలో వెడల్పువైపు సాగుతుంది, హైదరాబాద్ ఎండల్లో కుంచించుకుపోతుంది. స్క్రూ చిల్లు గుండ్రంగా కాక కాస్త కోలగా ఉంటే పలక కదలగలదు, లేకపోతే చీలుతుంది. స్టీలు సామాను దగ్గరకు వస్తే అంచు మడత చూడు. పెదవికి తెగకుండా, పల్చటి రేకుకు బలం వచ్చేలా మడుస్తారు. సగం మూసి వదిలేస్తే అందులో మురికి చేరుతుంది, పీచు దూరదు. పూర్తిగా మూయించు, లేదా వేలు పట్టేంత తెరిచి ఉంచు.

వడ్రంగి మేస్త్రీ దగ్గరికి, వెల్డింగ్ షాపుకి డ్రాయింగ్ ఖరారయ్యాక వెళ్లడం అలవాటు చేసుకోకు. పెన్సిల్ గీతగా ఉన్నప్పుడే వెళ్లు. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక సంగతే తీసుకో. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తిరిగే వస్తువు మీదే ఆ నునుపు వస్తుంది. చదరపు పెట్టె గీసుకుని వెళ్లి దానికి లక్క వేయమని అడగడం వాళ్ల పనిని చూడకపోవడమే. ముందే వెళ్లి గంట కూర్చుంటే నీ దీపం కాండం గుండ్రంగా మొదలవుతుంది, వాళ్లకు పనీ దొరుకుతుంది.

కాస్తిల్యోని తరగతికి సంచీ నిండా కత్తెరలు, కళ్లజోళ్లు, ఆటవస్తువులు పట్టుకెళ్లి ఒక్కొక్కటీ తీసి చూపిస్తూ పాఠం చెప్పేవారు. కుతూహలం లేకపోతే ఈ పని వదిలెయ్యండి అనేవారు పిల్లలతో. నువ్వూ నీ బల్ల సొరుగులో అలాంటివి పోగుచెయ్యి. ఎవరు చేశారో తెలియకపోయినా పని బాగా చేసేవి: దబ్బనం, అట్లకాడ, పాత తాళం, బట్టల క్లిప్పు. ఖరీదైన కేటలాగ్‌లకంటే అవి ఎక్కువ నేర్పుతాయి, నాకు నేర్పాయి.

నీకు మొదటగా ఇచ్చినది మంచం పక్కన పెట్టుకునే దీపం అన్నావు కదా. షేడ్ ఆకారం గురించి నాలుగు స్కెచ్‌లు పంపావు, నాలుగూ చూడ్డానికి బాగున్నాయి. వాటిని పక్కన పెట్టి ఒక పని చెయ్యి. మీ అమ్మ రాత్రి పుస్తకం చదువుకుని నిద్రపోతుంది. రెండు మూడు రాత్రులు చూడు: దీపం ఆర్పడానికి చెయ్యి ఎటు వెళ్తోంది, కళ్లజోడు ఎక్కడ పెడుతోంది, నీళ్ల గ్లాసు తగిలి దీపం కదులుతోందా, పక్కన నాన్న కళ్ల మీద వెలుగు పడుతోందా. తర్వాత అట్టముక్కలతో అసలు సైజులో ఒకటి చేసి, అడుగున ఇసుక సంచీ పెట్టి, ఒక వారం ఆ మంచం పక్కనే ఉంచు. స్విచ్ ఎక్కడ ఉండాలో మీ అమ్మ చెయ్యి చెబుతుంది. అది తేలాక కొత్త స్కెచ్ వేసి నాకు పంపు, దిమ్మ బరువు ఎంత ఉండాలో కలిసి లెక్క వేద్దాం.

మీ పెద్దమ్మ