అన్నా, రెజ్యూమేలో ఆరేళ్లు పెట్టమంటున్నారు

సందేహం: అన్నా, వందనాలు. మాది ప్రొద్దుటూరు. డల్లాస్‌లో మాస్టర్స్ అయిపోయింది. ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి, మొదలై 50 రోజులైంది, ఉద్యోగం లేదు. ఆరేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమే రాస్తామని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. రూమ్‌లో అందరూ అట్లే చేశారు. మా చర్చిలో పాటలు పాడించే అన్న కూడా 'మన పరిస్థితి దేవుడికి తెలుసులే' అన్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు.

జవాబు: వందనాలు తమ్ముడూ. రాయొద్దు.

నీ టెన్షన్ నాకు తెలుసు. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, నీకు 40 మిగిలాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఊళ్లో మీ నాయన మీద ఉండి ఉంటుంది. అవన్నీ తలచుకునే చెప్తున్నా.

నిన్ను తొందరపెడుతున్నది ఎవరో ఒకసారి చూడు. జ్వరమొస్తే చారు కాచి ఇచ్చినవాళ్లు, నీతో మోకరించి ప్రార్థన చేసినవాళ్లు. అందుకే ఇంత కష్టంగా ఉంది. పేతురు సంగతి గుర్తు తెచ్చుకో. యెరూషలేములో మహాసభ ముందు నిలబడి, మనుషులకు కాదు దేవునికే లోబడతామని చెప్పినవాడు. అంతటివాడు అంతియొకయలో తనవాళ్లు ఏమనుకుంటారో అని భయపడి, యూదులు కాని అన్యజనులతో కలిసి తినడం మానేశాడు. పౌలు అందరి ముందే అతణ్ణి నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉంది, ఈ రాత్రి చదువు. అధికారుల ముందు నిలిచినవాడు సొంతవాళ్ల దగ్గర జారిపోయాడు.

మా నాయన ఎర్రగుంట్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. లారీకెక్కిన అడుగులు తగ్గించి రాయమని ఓనర్ చెప్పాడు. నాయన రాయలేదు. ఆ ఉద్యోగం ఇప్పించింది మా మేనమామ. ఉద్యోగం పోయింది, తన పరువు తీశాడని మామ రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆ రెండు క్రిస్మస్‌లకూ మాకు కొత్తబట్టలు లేవు. నాకు నాయన మీద చాలా కోపంగా ఉండేది. తర్వాత ఆయనకు అంతకంటే మంచి ఉద్యోగమేమీ రాలేదు, చిల్లర అంగడి పెట్టుకున్నాడు. నీకు ఇది దాచను. నమ్మకంగా ఉంటే వెంటనే ఆఫర్ లెటర్ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కానీ ఆ అంగట్లో తూకం గురించి ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

అట్లని అన్నిటికీ అడ్డం తిరగమని కాదు. బబులోనులో దానియేలు కల్దీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్లు పెట్టిన బెల్తెషాజరు అనే పేరుకు పలికాడు, రాజు కొలువులో పనిచేశాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగి ఊరుకోలేదు, పది రోజులు శాకధాన్యాదులు పెట్టి చూడమని మర్యాదగా అడిగాడు. నువ్వూ అట్లే ఏదో ఒక దారి అడుగు. నీ చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా, కార్మిక చట్టాలు ఒప్పుకునేదైతే, పొడిగింపుకు ముందుండే మొదటి ఓపీటీలో అది ఉద్యోగం కిందికే వస్తుంది. మీ ప్రొఫెసర్లను, ల్యాబ్‌లను రేపే అడుగు. దొరికితే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు చెప్పి నమోదు చేయించు. చదువులో చేసిన ప్రాజెక్టులను ఉన్నవి ఉన్నట్టే రెజ్యూమేలో రాయి.

ఇంకో సంగతి. ఈ ఆరేళ్లు రేపు వీసా కాగితాల్లోకీ ఎక్కుతాయి. వీసా కోసం కావాలని అబద్ధం చెప్పి దొరికితే, జీవితాంతం ఈ దేశంలోకి రానివ్వకుండా చేసే చట్టం ఉంది.

రూమ్మేట్లతో వాదన వద్దు. వాళ్లకు తీర్పు తీర్చొద్దు, వంట వంతు మానొద్దు. 'నా వల్ల కాదన్నా' అని ఒక్కసారి చెప్పి ఊరుకో. పాటలు పాడించే అన్నతో మాత్రం విడిగా కూర్చుని మాట్లాడు, ఆయన లోపల ఎంత నలుగుతున్నాడో మనకు తెలియదు.

శుక్రవారం రాత్రి 8 గంటలకు ఇంటికి ఫోన్ చెయ్యి. ఈ వేసవిలో అక్కడ శనివారం పొద్దున 6:30 అవుతుంది. ఉద్యోగం ఆలస్యమవుతుందని, ఎందుకో కూడా మీ నాయనకు నువ్వే చెప్పు. కోప్పడితే కోప్పడనీ, ఫోన్ మాత్రం పెట్టేయొద్దు.